తారు గీకని పడవ

1961 ఫిబ్రవరిలో నన్ను సూళ్లూరుపేట సెక్షనుకు ఓవర్సీరుగా వేశారు. కాలువల శాఖలో ఇంజనీరుకు కింద, కాలువ గట్లు కాసే లస్కర్లకు పైన ఉండే ఉద్యోగం అది. తిట్లు రెండు వైపుల నుంచీ తగిలేవి. పులికాట్ తీరపు పడవలు కాలువ మీదుగా సరుగుడు కట్టెలను మద్రాసుకు చేరవేసేవి. ఏటా వాటిని సర్వే చేసి, నడపడానికి పనికొస్తాయని పాసు రాసివ్వడం నా పని. పడవ ఖాళీగా ఉంటేనే సర్వే సాధ్యం. కట్టెలు దించాక అవి మద్రాసు రేవులో రెండు మూడు రోజులు ఖాళీగా ఉండేవి గనుక, మార్చిలో నేనే రైలెక్కి అక్కడికి వెళ్ళేవాణ్ణి.

సర్వే అంటే పెద్ద విద్యేమీ కాదు. పడవను గట్టుకు లాగించి, ఒక పక్కకు ఒరిగించి, అడుగు చెక్కలను కొయ్య సుత్తితో తట్టుకుంటూ పోవాలి. గట్టి చెక్క ఖంగుమంటుంది, చివికింది డొల్లగా పలుకుతుంది. చిక్కల్లా తారుతోనే. ఉగాదికి ముందు పడవకు కొత్త తారు పూయడం ఆ తీరం వాళ్ళ ఆనవాయితీ. తారు మందంగా పడితే అతుకులు కనపడవు, చప్పుడు తెలియదు. అందుకని పూసిన పడవను గీకించి చూడాలని రూలు. పండగకు పూసింది గీకితే అశుభమని పడవలవాళ్ళు మొత్తుకునేవారు.

పోలయ్యది దొరవారిసత్రం దిగువన సరస్సు ఒడ్డు పల్లె. యాభై ఏళ్ళ మనిషి. భార్య రవణమ్మ పడవలోనే వంట చేసుకుంటూ ఆయనతో తిరిగేది. మూడో ఏడాది నేను రేవుకు వెళ్ళేసరికి వాళ్ళ పడవ కొత్త తారుతో నిగనిగలాడుతోంది. గీకాల్సిందేనన్నాను.

"గీకుదాం లెండయ్యా, ఆ పని యాడికి పోతాది? ముందు పట్నం చూద్దురు గాని రాండి. ఎప్పుడొచ్చినా సముద్రం చూసి రైలెక్కి పోతారే!" అన్నాడు పోలయ్య.

నిజమే. మద్రాసంటే నాకు సముద్రం, మ్యూజియం, అంతే. పోలయ్య నాకు రెండు రోజుల పాటు ఆ నగరాన్ని పెరటి వైపు నుంచి చూపించాడు. రవణమ్మ కూడా మా వెంట వచ్చింది. రేవుకు ఎగువన గట్టు పొడుగునా కానుగ చెట్లు పూసి, కాలువ నీళ్ళు కనపడకుండా పూలు రాలి ఉన్నాయి. వంతెన కింద నెల్లూరు నుంచి వచ్చిన ఒక ముసలావిడ దోసెల్లోకి చేపల పులుసు పోసేది. గడియారాలు బాగుచేసే సందు ఒకటుంది. అక్కడ పది గంటలు కొట్టడం మొదలైతే ఐదు నిమిషాల దాకా ఆగదు, ఏ రెండు గడియారాలకూ పొత్తు కుదరదు. చాకిరేవు వెనక మల్లెతోటలో పోలయ్య తన భార్యకు రెండు మూరల పూలు కొన్నాడు.

"ముప్పై ఏండ్లుగా ఈ పట్నానికి వస్తన్నాం, ఈయన నన్ను ఒక్కనాడన్నా తిప్పినాడా? ఓవర్సీరయ్య పుణ్యమా అని ఇన్నాళ్ళకు చూసినా!" అని రవణమ్మ మొగుణ్ణి దెప్పింది. నేను హాయిగా నవ్వాను. నా ఉద్యోగంలో అంత సంతోషంగా గడిచిన రోజులు ఆ రెండే.

రెండోనాటి సాయంత్రం నా రైలుకు గంట టైముంది. సర్వే పుస్తకంలో 'తారు గీకించి చూడబడినది' అన్న గడిలో టిక్కు పెట్టి, వంతెన కింద ఆ దోసెల బల్ల మీదే పాసు మీద సంతకం చేశాను. సుత్తి సంచిలోంచి తీయనే లేదు.

ఉగాదికి వారం రోజుల ముందు, నిండు లోడుతో మళ్ళీ మద్రాసుకు బయల్దేరిన ఆ పడవ సరస్సు నడుమ గాలికి చిక్కింది. వెనక అడుగు చెక్క ఊడి నీళ్ళు ఎక్కాయి. అక్కడ నీళ్ళు నిలువెత్తు కూడా ఉండవు. కానీ పడవ ఒరగడంతో కట్టెల దొంతి మొత్తం వెనక వంట చేస్తున్న రవణమ్మ మీద పడింది. కట్టెలు తీసి ఆమెను బయటికి తెచ్చేసరికి పొద్దు వాలింది.

విచారణకు ఇంజనీరు గారు వచ్చారు. తారు గీకించారా అని పోలయ్యను అడిగారు. నిజం చెబితే నా ఉద్యోగం ఆ గదిలోనే పోతుంది.

"గీకించి, తట్టి చూసినారయ్యా. మళ్ళా నేనే పూసుకున్నా," అన్నాడు పోలయ్య.

అయితే బరువు ఎక్కువ వేశావన్నమాట, అన్నారాయన. పోలయ్య తలూపాడు. ఆయన పాసు శాశ్వతంగా రద్దయింది. నేను పక్కనే నిలబడి ఉన్నాను. ఒక్క మాట మాట్లాడలేదు. ఛీ, ఇప్పుడు తలచుకున్నా నా మీద నాకే అసహ్యం.

బయట వేపచెట్టు కింద పోలయ్యను పట్టుకుని, ఎందుకట్లా చెప్పావని అడిగాను.

"ఆ చెక్క చివికిందని నాకు తెలుసయ్యా. పండగ దాటినాక మారుద్దామనుకున్నా. మీరు గీకిస్తారనే మిమ్మల్ని పట్నమంతా తిప్పినా. ఇంక మిమ్మల్ని ఏ నోటితో అనేది?" అని, నా మొహం చూడకుండా వెళ్ళిపోయాడు. తర్వాత ఆయన ఊళ్ళో వేరేవాళ్ళ వలలు లాగడానికి కూలికి పోయాడని విన్నాను.

నేను పూర్తి సర్వీసు చేసి రిటైరయ్యాను. ఒక్క పైసా ముట్టని మనిషని వీడ్కోలు సభలో నన్ను పొగిడారు. అది నిజమే. పుచ్చుకున్నది రెండు రోజుల సంతోషమని వాళ్ళకు తెలియదు. ఆ ఏడాది తర్వాత గీకించకుండా ఒక్క పడవనూ వదల్లేదు. మనసు బాగున్న రోజున ఏ కాగితం మీదా సంతకం పెట్టలేదు.