రక్షణ పక్షోత్సవాల్లో రాజుగారి చావు

మా కాలనీ నాటక సమాజానికి సొంత ఆస్తి అంటూ ఉన్నవి ఒక హార్మోనియం, రెండు కిరీటాలు, మా బావ గొంతు. మిగతావన్నీ, అంటే హాలు, లైట్లు, మైకు, మేకప్ మనిషి దారి ఖర్చు, బొగ్గు కంపెనీ దయ. ఏటా రక్షణ పక్షోత్సవాల్లో, అంటే గనుల్లో ప్రమాదాలు వద్దని కంపెనీ చెప్పే రోజుల్లో, మాకూ ఒక సాయంత్రం ఇచ్చేవారు. బ్యానర్లు, ప్రతిజ్ఞలు, ప్రథమ చికిత్స పోటీలు అన్నీ అయ్యాక మేము.

బావ అంటే అక్క మొగుడు. భూగర్భ గనిలో ఫిట్టరు, స్టేజీ మీద ఎప్పుడూ రాజు. నాటకం మేమే రాసుకున్నాం. చివర్లో రాజు బల్లెం పోటు తిని, మూడు పద్యాలు పాడి చస్తాడు. కిందటేడు పక్షోత్సవాలు జరిగిన నెలాఖరుకే బావ రిటైరవుతున్నాడు. క్వార్టరు ఖాళీ చేసి ఊరెళ్ళిపోవాలి. ఇక అదే ఆఖరి చావు కనుక ఇంట్లో సాధన జోరందుకుంది. అక్క నాకు ఫోన్ చేసి మొర పెట్టుకుంది.

“అన్నం వెట్టేలోపు రెండుసార్లు సస్తుండు తమ్మీ. కూర సల్లారిపోవట్టె!”

ఈలోగా కొత్త రక్షణాధికారి వచ్చాడు. కోస్తా మనిషి. సమాజం కార్యదర్శిగా నేను వెళ్ళి కథ చెబితే, “చిన్నప్పుడు మా ఊళ్ళో పద్య నాటకాలు తెగ చూసేవాణ్ణండీ” అని మురిసిపోయాడు. చావు దగ్గరికి రాగానే ముఖం మాడింది.

“రక్షణ వేదిక మీద మనిషి చచ్చిపోవడమేంటండీ? పైవాళ్ళు నన్ను బతకనిస్తారా? గాయపడనివ్వండి. ప్రథమ చికిత్స చేయించి బతికించండి. లేదంటే హాలు ఆర్కెస్ట్రా వాళ్ళకిచ్చేస్తాను.”

ఆ మాట చెబితే బావ మంచం మీద కూలబడ్డాడు. “సావకుంటే నేనెందుకు బామ్మర్దీ, ఏషం కట్టుడు? మూడు పద్యాలు గొంతుల వెట్టుకొని ఊరికి వోవాల్నా?”

బతిమాలి ఒప్పించాను. కట్టు కట్టించుకుని, స్ట్రెచర్ మీద పడుకుని ఒక్క పద్యం పాడుకోవచ్చని బేరం కుదిరింది.

ఆ సాయంత్రం నేను ముందు వరుసలో అధికారి పక్కన కూర్చున్నాను. బల్లెం తగిలింది, రాజు పడ్డాడు. భటులిద్దరూ పరుగున వచ్చారు. అక్కడే మా ఖర్మ కాలింది. వాళ్ళు ఆ వారమే ప్రథమ చికిత్స పోటీలో కప్పు గెలిచిన జట్టు. దెబ్బ ఛాతీకి తగిలితే, అలవాటైన చేతులు ఆగక కాలికి కర్రలు కట్టాయి, చేతికి జోలె వేశాయి, దవడను కూడా గట్టిగా చుట్టేశాయి. అధికారి చప్పట్లు కొట్టాడు. రాజు నోరు తెరవలేక నావైపు చూశాడు. స్ట్రెచర్ లేచింది.

“ఏందిర గిది? గా రాజును జర పాడనియ్యుండ్రి!” అని వెనక నుంచి ఎవరో అరిచారు. హాలంతా అందుకుంది.

బావ స్ట్రెచర్ మీద లేచి కూర్చున్నాడు. దవడ కట్టు ఊడబెరికాడు. కాలికి కట్టిన కర్రలతోనే కుంటుతూ మైకు దగ్గరికొచ్చి పద్యం ఎత్తుకున్నాడు. ఒకటి కాదు, మూడూ పాడాడు. ఆ గొంతులో గని, క్వార్టరు, వదిలి వెళ్ళాల్సిన మేమందరం వినిపించాం. కూర చల్లారిందని విసుక్కున్న అక్క కొంగు నోట్లో కుక్కుకుంది. చివరి రాగం సాగదీసి, బావ నిండుగా చచ్చాడు.

అధికారి నా చెవి దగ్గరికి వంగి, “పోయినట్టేనా అండీ?” అన్నాడు.

“పోయిండు సార్.” రాజుతో పాటు హాలు కూడా పోయిందనుకున్నాను.

ఆయన లేచి నిలబడ్డాడు. రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుని, “వన్స్‌మోర్!” అని అరిచాడు.

బావ లేచాడు. దుమ్ము దులుపుకుని, కిరీటం సరిచేసుకుని, ఈసారి ఇంకా నిదానంగా చచ్చాడు.