జారిపడని మ్యాగజీన్

పోలీసు ఆయుధశాలలో తుపాకులు బాగుచేసే మెకానిక్‌ను అందరూ నూనె బాబాయ్ అనేవారు. ముప్ఫై ఏళ్ల ఉద్యోగంలో ఆయన చేతుల్ని నూనె వాసన వదలలేదు. “మా ఇంట్లో తలుపులు కిర్రుమనవు, ఈయన పక్కన నిలబడితే చాలు” అని భార్య నవ్వేది.

ఒక ఉదయం ఒక మహిళా కానిస్టేబుల్ వచ్చి తన పిస్తోలు బల్లమీద పెట్టింది. ఏడ్చినట్టు కళ్లు ఎర్రగా ఉన్నాయి.

“బాబాయ్, బటన్ నొక్కితే మ్యాగజీన్ కింద పడట్లేదు. చేత్తో లాగాల్సి వస్తోంది. ఈలోపు టైమైపోతోంది. ఫైరింగ్ పరీక్ష రెండుసార్లు పోయింది. నా వేలికి సత్తువ లేదట, ఫైళ్లు మోసుకోమన్నారు ఫైరింగ్ నేర్పే మాస్టారు, అందరి ముందూ. రేపు కూడా పోతే ఆఫీసుకి మార్చేస్తారు.”

“నీ వేలి సంగతి తర్వాత చూద్దాం తల్లీ. ముందు దీని సంగతి తేలనీ.”

లోపల తూటా లేదని రెండుసార్లు చూసుకుని బటన్ నొక్కాడు. తూటాలు పట్టే ఆ ఇనుప పెట్టె కొంచెం దిగి ఆగిపోయింది. పిడి లోపల దుమ్ము తుడిచాడు. ఊహూఁ. ఆమె మ్యాగజీన్‌ను వేరే పిస్తోలులో పెడితే చక్కగా జారింది. వేరేది ఆమె పిస్తోలులో పెడితే ఇరుక్కుంది.

“మ్యాగజీన్ మంచిదే. ఇరుకంతా పిస్తోలులోనే ఉంది” అన్నాడు.

మ్యాగజీన్‌ను కిటికీ వెలుతురులో తిప్పి చూశాడు. పక్కన వెంట్రుకంత సన్నని కొత్త గీత. అది సరిగ్గా పిడి చెక్కను బిగించే స్క్రూ దగ్గర పడుతోంది. మ్యాగజీన్‌ను మళ్లీ లోపల పెట్టి, బటన్ నొక్కి, ఆ స్క్రూ విప్పగానే అది టక్కున బల్లమీద పడింది. స్క్రూ ఒక్క చుట్టు పొడవెక్కువ. దాని మొన లోపలికి వచ్చి మ్యాగజీన్‌ను రాసుకుంటోంది.

ఆయన ఆ స్క్రూను అరచేతిలో వేసుకుని చూసి గుర్తుపట్టాడు. నెల కిందట పగిలిన పిడి చెక్కలు మార్చింది తనే. అసలు స్క్రూలు అయిపోతే, సరిపోతాయిలే అని వేరే డబ్బాలోవి బిగించాడు. ఇంకో నాలుగు నెలల్లో రిటైరు కావాలి. ఇన్నేళ్లలో తనమీద ఒక్క మచ్చ లేదు. స్క్రూ మార్చి ఇచ్చేస్తే ఎవరికీ తెలియదు.

“ఇది నా నిర్వాకమేనమ్మా” అన్నాడు చివరికి.

“పోనీలెండి బాబాయ్, నేనెవరికీ చెప్పను.”

“నిన్ను పదిమందిలో అన్నారు. నేనూ పదిమందిలోనే చెప్పాలి.”

సరైన స్క్రూ వెతికి బిగించి, మడతపెట్టిన గుడ్డమీదకి ఇరవైసార్లు మ్యాగజీన్ జార్చి చూశాడు. తర్వాత ఆమెతో మైదానానికి వెళ్లి, వరుసలో నిలబడ్డవాళ్లందరూ వింటుండగా మాస్టారికి జరిగింది చెప్పాడు.

“మీరా? ముప్ఫై ఏళ్ల సర్వీసు...”

“అవును సార్, నేనే. పాత రెండు పరీక్షలూ కొట్టేయండి.”

మర్నాడు పరీక్షలో ఆమె కంగారుపడి, ఎక్కించబోతున్న నిండు మ్యాగజీన్‌ను నేలమీద జారవిడిచింది. మాస్టారు క్షమాపణ చెప్పే మనిషి కాదు. కానీ వంగి దాన్ని తీసి, మట్టి దులిపి ఆమె చేతికిచ్చి, “మళ్లీ మొదలుపెట్టు” అన్నాడు. రెండోసారి సమయం ఇంకా మిగిలుండగానే ముగించింది.

బాబాయ్‌కి మెమో వచ్చింది. ఇంట్లో భార్యకి చదివి వినిపించాడు. “ఇది కడుపులో దాచుకుని రిటైరైతే నిద్ర పట్టేది కాదులే నీకు” అంది ఆమె.

ఆ వారమంతా ఆయన ఆ డబ్బాలోని స్క్రూలు బిగించిన పిస్తోళ్లన్నీ విప్పాడు. ఇంకో రెండు అలాంటివే దొరికాయి.