అక్క పెళ్లికార్డు నీలం

ఆ రోజుల్లో నాకు తెలియనిదేదీ లేదని నాకో గట్టి నమ్మకం. అమలాపురంలో ఒక ప్రింటింగ్ ప్రెస్సులో డిజైనరుగా చేరి నెల కూడా కాలేదు, ఇంట్లో అక్క పెళ్లి కుదిరింది. కార్డు నేనే చేస్తానని పట్టుబట్టాను. (వద్దని ఎవరూ అనలేదు. పాపం, వాళ్లకీ నా మీద అదే నమ్మకం.) అక్క నా పక్కన కూర్చుని, కంప్యూటర్లో ధగధగా మెరిసిపోతున్న ఒక నీలాన్ని ఏరుకుంది. కువైట్‌లో ఉన్న కాబోయే బావగారికి అప్పటికప్పుడే ఫోన్లో పంపింది. ఆయన తెగ మురిసిపోయారు.

తీరా అచ్చయి వచ్చాక కట్ట విప్పితే లోపల వంకాయ రంగు. నాన్నగారు ఒక కార్డు తీసి, వాకిట్లో వెలుతురుకి తిప్పి చూసి, "నీలం అన్నావు కదమ్మా?" అని నన్ను అడిగారు. అక్క కళ్లల్లో నీళ్లు తిరిగాయి. నేను ప్రెస్సుకి పరుగెత్తాను. ఓనరు గారు తాపీగా, "ఆయ్, అంతేనమ్మా. తెరకి సొంత వెలుగుంటాది. కాయితానికి ఎక్కడిదీ? మీద పడ్డ వెలుగులో సిరా మింగగా మిగిలిందే మనకి కనపడతాది. అంత మెరిసే నీలం మన సిరాలకి రాదు. ముందు ఒక్కటి అచ్చు తీసి చూసుకోమని చెప్పేను కదా" అన్నారు. (చెప్పారు. నేను తల కూడా ఊపాను.)

మళ్లీ వేయించడానికి వ్యవధి లేదు. అక్క కళ్లు తుడుచుకుని, రిసెప్షన్‌కి కార్డుతో కలిసేలా వంకాయ రంగు పట్టుచీర కొనుక్కుంది. ఆ హడావుడిలో బావగారికి చెప్పడం అందరమూ మరిచిపోయాం.

ఆయన తన ఫోన్లోని కార్డుకి మ్యాచింగని కువైట్‌లోనే కుట్టించుకున్న సూటుతో రిసెప్షన్ స్టేజీ ఎక్కారు. మెరిసే నీలం. పక్కన అక్క చీర, వెనక అదే వంకాయ రంగు ఫ్లెక్సీ చూసి, "మావయ్యగారూ, నేనేమన్నా వేరేవాళ్ల రిసెప్షన్‌కి వచ్చేసేనా అండి?" అని మెల్లిగా అడిగారు. నాన్నగారు నా వైపు వేలు చూపించారు. అక్కే అందుకుని, "కాదండి, మీరు ఫోన్లో కార్డు, నేను అచ్చయిన కార్డు" అంది. బావగారు పడీ పడీ నవ్వారు. నాకు ప్రాణం లేచొచ్చింది.

కొన్నాళ్లకి పెళ్లి ఆల్బం అచ్చయి వచ్చింది. అందులో బావగారి సూటు కూడా వంకాయ రంగుకి తిరిగిపోయింది. ఇప్పటికీ చూసినవాళ్లు, "ఇద్దరికీ రంగు భలే కుదిరిందండి" అంటారు. వాళ్ల వెనకాల, అక్షింతలు వేయడానికొచ్చిన ప్రెస్సు ఓనరు గారి భుజం చాటున సగమే కనపడుతూ, ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నిలబడ్డ పిల్లని ఎవరూ గమనించరు. నేను మాత్రం ఆ పేజీ దగ్గర కాసేపు ఆగుతాను.