కురుగోడు దాటాక వచ్చిన వెచ్చని గాలి

మీరు నమ్మకపోయినా నాకు నష్టం లేదు. కానీ నవ్వొద్దు. నవ్వితే ఇక్కడితో ఆపేస్తాను. పదహారేళ్లుగా అద్దె కారు నడుపుతున్నాను, దెయ్యం కథలు చెప్పేవాళ్లను నేనే తిడుతుంటాను. ఆ రాత్రి కూడా నాకేమీ కనబడలేదు... తగిలింది. నా చేతికి తగిలింది.

పుష్యమాసం చలి. కంప్లిలో ఒక నర్సింగ్ హోమ్ ముందు కారు ఆపాను. నెలలు నిండకుండా పుట్టిన ఆడపిల్లను బళ్ళారి పెద్దాసుపత్రికి తీసుకుపోవాలి. అంబులెన్స్ ఇంకో ఊరు పోయిందట. డాక్టరమ్మ నాతోనే చెప్పింది. "దారిలో పాప చల్లబడకూడదు. చల్లబడితే కష్టం."

అమ్మమ్మ వెనక సీట్లో కూర్చుని పాపను రవికె లోపల గుండెకు ఆనించుకుంది. పైన దుప్పటి. పాప తండ్రి నా పక్కన. తల్లి నర్సింగ్ హోమ్‌లోనే ఉండిపోయింది.

హీటర్ వేశాను. చల్లగాలి కొట్టింది.

మా ఎండల సీమలో హీటరెవరికి కావాలి? సెకండ్ హ్యాండ్‌లో కొన్న కారు. అప్పటిదాకా ఆ గుండీ తిప్పిన పాపాన పోలేదు.

"చన్నీళ్లు చల్లినట్టుంది బాబూ," అంది అమ్మమ్మ. వాళ్లు గోదావరి వైపు నుంచి వచ్చి కాలువ కింద పొలాలు చేసుకుంటూ స్థిరపడినవాళ్లు.

"ఇంజన్ కాగల్ల పెద్దమ్మా. రోంత తాళు."

కొంత దూరం పోయాక ఆపి బానెట్ ఎత్తాను. డబ్బాలో నీళ్లు సరిగ్గానే ఉన్నాయి. రేడియేటర్‌కు గాలి తగలకుండా గోనెసంచి కట్టాను. ఇంజన్ కాగింది, వేడి చూపే ముల్లు సగానికొచ్చింది... గాలి మాత్రం చల్లగానే ఉంది. ఒళ్లు మండి డాష్‌బోర్డును గుద్దాను. హీటర్ ఆపేశాను.

కురుగోడు దాటాం. దట్టమైన మంచు.

"పాప కాళ్లు చల్లబడుతున్నాయి," అంది అమ్మమ్మ. గొంతులో ఏడుపు లేదు. అందుకే నాకు భయం వేసింది.

అప్పుడు... టక్.

డాష్‌బోర్డు లోపల ఎక్కడో. తర్వాత సన్నగా గురగుర... నీళ్లు పారుతున్నట్టు. టైర్ల చప్పుడు... ఆ గురగుర... అంతే.

"వెచ్చగా వస్తోంది," అంది అమ్మమ్మ మెల్లగా.

"యాణ్నుంచి?"

"నీ హీటరే కదా బాబూ."

సీట్ల మధ్య నుంచి చెయ్యి వెనక్కి చాపాను. తగిలింది. పొయ్యి దగ్గర కూర్చుంటే తగిలే వెచ్చదనం. నా ముందు మాత్రం ఏమీ లేదు. స్టీరింగ్ మీద వేళ్లు కొయ్యబారే ఉన్నాయి. ఆపేసిన హీటర్ గుండీ వైపు చెయ్యి పోనిచ్చాను. పాప తండ్రి నా మణికట్టు పట్టుకున్నాడు.

"ఏదీ ముట్టుకోకన్నా. పోనివ్వు."

బళ్ళారి దాకా ఆ గాలి ఆగలేదు. నర్సు పాప పాదాలు పట్టి చూసి, "వెచ్చగానే తెచ్చినారే," అంది. నేను గోడకానుకుని కూర్చున్నాను.

తెల్లారి మెకానిక్ బానెట్ కింద వేలు పెట్టి చూపించాడు.

"ఏందప్పా, హీటర్ పైపులు రెండూ ఒకదానికొకటి కలిపేసినారు. ఎప్పుడో లీకైంటాది. వేన్నీళ్లు లోపలికే పోవు. వేడి యాడ్నించి వస్తాది?"

"రాత్రి వచ్చిందప్పా."

నా మొహం చూశాడు. "ఇంజన్ సెగ కింద నుంచి కొట్టింటాది," అన్నాడు. అయ్యుండొచ్చు. మరి నాకెందుకు తగల్లేదు... ఆ గురగుర ఏ నీళ్లది...

పైపులు సరిచేయించాను. నెల తర్వాత పాపను ఇంటికి చేర్చింది కూడా నేనే. దిగేటప్పుడు అమ్మమ్మ నా చేతులు పట్టుకుని కళ్లకద్దుకుంది. "నీ బండే బతికించింది బాబూ." పైపుల సంగతి చెప్పాలని నోరు తెరిచాను. చెప్పలేకపోయాను.

ఇప్పటికీ కురుగోడు దాటాక కారు పక్కకు ఆపుతాను. దిగి దండం పెడతాను. ఎటు తిరిగి పెట్టాలో తెలియక... ఓసారి పొలాల వైపు, ఓసారి కారు వైపు.