సావధాన్

మా శాలిబండ గల్లీల ఉండే, మిలిటరీల చేసి రిటైరైన ఫౌజీ తాత ఎంత ఎండల గూడ మెడకాడి గుండీ విప్పేటోడు కాదు.

ఒక పంద్రాగస్టుకు జెండాకాడ పెత్తనం నాకిచ్చిన్రు. "సావధాన్!" అని గట్టిగ అరిచిన, అందరు కదలకుండ నిటారుగ నిలబడ్డరు. జెండా ఎగిరింది, పాట అయిపోయింది, అందరు కూసున్నరు. మైకు దొరికింది గదా, ఫౌజుల పనిచేసిన పేరున్న ఆటగాళ్ల గురించి, హీరోల గురించి ఊదరగొట్టిన. తాత ఒక్కడే చెమటలు కారంగ నిటారుగ నిలబడే ఉన్నడు. నా ఉపన్యాసం మెచ్చిండనుకొని ఇంకింత సాగదీసిన.

స్టేజీ దిగినంక అడిగిన, "కూసోకపోయినవా తాతా?"

"ఫౌజీని బేటా. నువ్వు విశ్రామ్ అననిదే కాళ్లెట్ల కదుపుత?"

ఇంట్ల ఫ్యాన్ బంద్ చెయ్యమన్నా ఎవ్వరూ వినని మాట నాది! మెల్లగ "విశ్రామ్" అన్న.

అప్పుడు కుర్చీ దిక్కు నడిచిండు.