తమ్ముడి కాలి మెత్తలు

ఇన్నేళ్లుగా ఒక మాటను గుండెల మీద మోస్తున్నాను. మా ఆయనకు చెప్పలేదు. కన్నతల్లికీ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీతో చెప్పగలుగుతున్నాను.

మా పుట్టింటివాళ్లకు కాకినాడలో బట్టల కొట్టు. తమ్ముడు ఇంగ్లీషు బడిలో చదివేవాడు. అక్కడ దొరలు నేర్పిన హాకీ ఆడేవాడు. గోలు కాచేది వాడే. గోలు కాసేవాళ్లు దెబ్బ తగలకుండా కాళ్లకు కట్టుకునే తోలు మెత్తలు ఇంట్లోకి తేవడానికి నాన్నగారు ససేమిరా అన్నారు. అందుకని నేనే దుప్పటి గుడ్డలో బూరుగు దూది కూరి, మధ్య మధ్య వెదురు బద్దలు పెట్టి, మోకాలి దాకా వచ్చే మెత్తలు కుట్టిచ్చాను. అవి కట్టుకుని పెరట్లో నడుస్తుంటే అప్పుడే అడుగులు నేర్చే పసివాడిలా ఉండేవాడు. ఎంత ఏడిపించేదాన్నో! వాడంటే నాకు ప్రాణం. అంత ప్రాణమైతే ఆ పని ఎలా చేశాను?

నన్ను కాపురానికి పంపే రోజు ఖాయమైంది. రాజమండ్రికి పడవలో వెళ్లాలి. ఆడపిల్లను తోడబుట్టినవాడు వెంట వెళ్లి దిగబెట్టడం మా ఇళ్లలో ఆనవాయితీ. సరిగ్గా ఆ రోజే ఓడరేవు గుమాస్తాల జట్టుతో తమ్ముడి బడి జట్టుకు పోటీ పడింది. వాణ్ణి ఆటకు పంపమని బడి దొరగారు కబురు పంపితే నాన్నగారు కాదనలేకపోయారు. నాకు తోడు బాబాయి వస్తాడన్నారు.

"నువ్వు రాకపోతే ఎలారా? ఆ ఇంట్లో నాకెవరు తెలుసు?" అన్నాను.

"నేను లేకపోతే గోలెవరు కాస్తారే అక్కా? ఆ సున్నపు గీత లోపల బంతిని కాలితో తన్నే హక్కు నా ఒక్కడికే. మిగతావాళ్లంతా కర్రతోనే కొట్టాలి."

"కాలికి దెబ్బ తగిలితేనో?"

"అందుకేగా నీ మెత్తలు! అవి లేకపోతే మేష్టారు నన్ను గోల్లో నిలబడనివ్వరు. అది మా బడి రూలు."

ఆ రూలును పట్టుకున్నాను. ప్రయాణం రోజు పొద్దున మెత్తలు తీసి, నా సారె పెట్టెలో చీరల అడుగున పెట్టి తాళం వేశాను. మెత్తలు లేకపోతే ఆడనివ్వరు. ఆడనివ్వకపోతే నాతో పడవెక్కుతాడు. నేను అనుకున్నది అంతే. వాడు ఇల్లంతా వెతికాడు. వాడితో కలిసి నేనూ వెతికాను. అవును, గడ్డివాము చుట్టూ తిరిగి మరీ వెతికాను. ఆ నటన తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది. "పరాకు మనిషివి, ఎప్పుడూ ఇంతే" అని నాన్నగారు వాణ్ణి కసిరారు. వాడు కళ్లు తుడుచుకుని, మేష్టారితో చెప్పి వస్తానని వెళ్లాడు.

గోలు కాయడానికి మరొకరు లేరు. వీడు బతిమాలేసరికి మేష్టారు సరేనన్నారట. వాడు ఉత్త కాళ్లతో నిలబడ్డాడు. దూసుకొచ్చిన బంతికి కాలు అడ్డం పెట్టాడు. గోలు పడలేదు కానీ మోకాలి కింద ఎముక విరిగింది.

పడవ కదలబోతుంటే కబురొచ్చింది. మంచి ఘడియ దాటిపోతుందని నన్ను దిగనివ్వలేదు. నేను మాత్రం గట్టిగా అడిగానా? మెత్తలు ఎక్కడున్నాయో బయటపడుతుందన్న భయం కాదూ అది? ఏడ్చాను, నిజమే, కానీ దారి పొడవునా ఆ పెట్టె మీద నుంచి లేవలేదు. అత్తవారింట్లో ఎవరూ చూడకుండా మెత్తలను బద్దలతో సహా పొయ్యిలో పెట్టేశాను.

ఎముక వంకరగా అతుక్కుంది. వాడికి కుంటి నడక వచ్చింది. అంతకన్నా నన్ను తినేసేది ఇంకొకటుంది. పరాకు మనిషి అన్న పేరు వాడికి ఉండిపోయింది. నాన్నగారు కొట్టు తాళాలు బాబాయి కొడుకు చేతిలో పెట్టారు. తమ్ముడు ఎదురు చెప్పలేదు, ఎందుకంటే వాడూ అది నమ్మేశాడు. మా ఇంటికి వచ్చి వెళ్లేటప్పుడల్లా సంచి విప్పి, అన్నీ ఉన్నాయో లేదో మళ్లీ మళ్లీ చూసుకుంటాడు. "నా సంగతి తెలుసుగా అక్కా" అని నవ్వుతాడు. నేనూ నవ్వుతాను.

మొన్న వచ్చినప్పుడు వాడి కాలికి ఆముదం రాస్తూ చెప్పేద్దామనుకున్నాను. నోటి దాకా వచ్చింది. నీలాంటి అక్క ఎవరికుంటుందే అన్నాడు. ఇంకేం చెప్పను? క్షమిస్తాడు, నాకు తెలుసు. ఆ తరువాత నా చేత కాలికి నూనె రాయించుకుంటాడా? అది తెలియదు. అందుకే వాడితో అనలేనిది మీ ముందు అంటున్నాను. ఒరేయ్ తమ్ముడూ, నువ్వు ఏదీ పారేసుకోలేదురా. నేనే దాచాను.