మా అత్తయ్య చెరువు కావలి

ఆదివారం పొద్దున్నే మా మనవరాలు నెత్తిన టోపీ, మెడలో దుర్భిణి, దాని పక్కనే ఒక ఈల వేలాడేసుకుని బయల్దేరుతుంటే ఎక్కడికే అని అడిగాను. "కొల్లేరుకు అమ్మమ్మా. చలికాలం కదా, పిట్టలొచ్చాయి. వాటినెవరూ కొట్టకుండా చూడ్డానికి వాలంటీర్లు కావాలంటే పేరిచ్చా," అంది. సంతోషం. మరి ఈలెందుకు? "ఎవరైనా లోపలికొస్తే ఊదటానికి." నాకు నవ్వాగలేదు. పిట్టలకు కాపలా కాస్తూ ఈల ఊదడమేమిటే, దొంగ కంటే ముందు అవే ఎగిరిపోవూ అన్నాను. అది మూతి ముడుచుకుని, "నీకేం తెలుసు, మాకు ట్రైనింగిచ్చారు," అనేసి వెళ్ళిపోయింది. నాకేం తెలుసా! పెళ్ళికి ముందు నేనూ రెండు చలికాలాలు వాలంటీరునే. వాలంటీరన్న మాటే మాకు తెలియదు, అంతే. టోపీలు లేవు గానీ ట్రైనింగు మాత్రం మాకూ ఉండేది. ఇచ్చింది మా అత్తయ్య. ఇదుగో, కాఫీ చల్లారిపోతోంది, ఆవిడ వచ్చి కళ్ళముందు కూర్చుంది. ఆవిడ సంగతి చెబితే గానీ లేచేలా లేదు.

మాది జగ్గయ్యపేట దగ్గర పల్లె. పేటకు బండి కట్టుకుని వెళ్తే సంత చూసుకుని పొద్దుగూకేలోపు వచ్చేయొచ్చు. నందిగామ అయితే ఆ రాత్రికి అక్కడే ఎవరింట్లోనో తలదాచుకోవాల్సిందే. పాలేరు వాగు దాటితే అవతల నైజాం. అంతా మెట్ట, మిరపా జొన్నా పెసరా తప్ప, వరి అన్నది చెరువు కింద ఉన్న కాస్త మాగాణిలోనే. ఆ చెరువు మధ్యలో ఎవరు నాటారో తెలియని తుమ్మచెట్లు నడుములోతు నీళ్ళలో నిలబడి ఉండేవి. కార్తీకం వచ్చీ రాకముందే ఎర్రకాళ్ళ కొంగలూ గూడబాతులూ ఎక్కడినుంచో వచ్చి ఆ చెట్ల మీద దిగేవి. గూళ్ళు కట్టి, గుడ్లు పెట్టి, పిల్లల్ని లేపుకుని, శివరాత్రి దాటి ఎండ ముదిరాక పోయేవి. ఉన్నన్నాళ్ళూ చెట్లు సున్నం కొట్టినట్టు తెల్లగా ఉండేవి. వాసన సంగతి అడక్కండి. కొత్తగా కాపురానికొచ్చిన కోడళ్ళు ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంటే, "ఆ కంపేనమ్మా మనం తినే అన్నం," అనేవాళ్ళు పెద్దవాళ్ళు. నిజమే, ఆ రెట్టలు కలిసిన నీళ్ళు పారిన మడికి వేరే ఎరువు అక్కర్లేదు. అందుకని పిట్టలు గూళ్ళ మీదున్నన్నాళ్ళూ ఊళ్ళోకి వచ్చే ఏ బండైనా పొలిమేర దగ్గర ఆగి ఎద్దుల మెడలో గంటలు విప్పాల్సిందే. అక్కడున్న రాతి స్తంభానికి తగిలించి, పోయేటప్పుడు తీసుకుపోవాలి. ఎవరి గంటలూ ఎప్పుడూ పోలేదు.

ఇక మా అత్తయ్య. నాన్నకు అక్క. పసితనంలోనే పెళ్ళి చేశారు, కాపురానికి వెళ్ళకముందే ఆయన పోయాడు. ఆ పెళ్ళిలో ఆవిడకు గుర్తున్నది మేళం ఒక్కటే. మొగుడి మొహం కూడా గుర్తులేదని నవ్వుతూనే చెప్పేది. నాకు మాటలు రాకముందే మా అమ్మ పోతే నన్ను పెంచింది ఆవిడే. పెంచడమంటే తిట్టడం. "మొద్దుమొహమా" అనకుండా నాకు అన్నం పెట్టినట్టు గుర్తులేదు. అలాగని నేను తినకుండా ఆవిడ తిన్నట్టూ గుర్తులేదు. గొంతు మహా గొప్పది, వంటింట్లోంచి కేకేస్తే పొలంలో ఉన్న నాన్న ఉలిక్కిపడేవాడు. కళ్ళమ్మట నీళ్ళు తిరిగేలా నాకు జడ లాగి అల్లుతూ ఎప్పుడూ ఒకటే మాట: "నీ పెళ్ళికి మేళం ఎట్టా పెట్టిస్తానో చూడవే. పేట సంతలో జనం బేరాలు ఆపుకుని వినాల."

దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన ఏటి చలికాలం పాలేరు అవతల గొడవలు మొదలై, మా ఊరి మగవాళ్ళంతా సరిహద్దు కావలికి పోయారు. అంతకుముందు చెరువును వంతులవారీగా కాసేది వాళ్ళే. ఇదే సందని పేట నుంచి తుపాకీ సరదా ఉన్న బాబులు రావడం మొదలుపెట్టారు. ఒకనాడు పొద్దున తుపాకీ మోత వినపడింది. మజ్జిగ చిలుకుతున్న మా అత్తయ్య కవ్వం వదిలేసి, కర్ర పుచ్చుకుని వీధిలో పడింది. ఆ మర్నాటి నుంచి ఆడవాళ్ళ కావలి. పొద్దున ఒక జట్టు, సాయంత్రం ఒక జట్టు. ఆవిడ ఇచ్చిన ట్రైనింగల్లా ఒకటే, నోరు మెదపకూడదు. కర్రకు తెల్ల తువ్వాలు కట్టి ఎత్తితే ఎవరో వస్తున్నారని, ఊపితే అందరూ రమ్మని. వచ్చినవాడికి ఎదురుగా వెళ్ళి నిలబడటమే, తిట్టడం లేదు, కొట్టడం లేదు. తెల్లారగట్ల మంచులో, కొంగులు తలమీదుగా కప్పుకుని, కర్రలు పట్టుకున్న ఆడవాళ్ళు మాటా పలుకూ లేకుండా వచ్చి చుట్టూ నిలబడితే ఎంత తుపాకీ ఉన్నా ఏం చేస్తాడు? "దారి తప్పామండీ" అని వెనక్కి పోయేవాడు. మా అత్తయ్య నోరు మూసుకుని తిరగడం చూడ్డానికే పొరుగూళ్ళ నుంచి జనం వస్తున్నారని నాన్న అనేవాడు. కట్టమీద మింగినదంతా ఆవిడ ఇంటికొచ్చి నా మీద కక్కేది, అది వేరే సంగతి.

నాది పొద్దుటి జట్టు. కట్టమీద గడ్డి తడికి చీర కుచ్చిళ్ళు మోకాళ్ళ దాకా బరువెక్కేవి. పాదాలు కొంకర్లు పోయేవి. చెరువంతా పొగమంచు కప్పేసి చెట్లు కనపడకపోయినా, కొంగలు ముక్కులు టకటకలాడించుకోవడం, పిల్లలు మేతకోసం గోల చెయ్యడం వినపడేది. ఎండ పొడ రాగానే తూము గట్టుమీద కూర్చుని చద్దన్నంలో ఆవకాయ నంజుకుని తినేవాళ్ళం. ఆ రుచి మళ్ళీ నాకు ఏ పెళ్ళి భోజనంలోనూ తగల్లేదు. మరుసటేడు గొడవలు సద్దుమణిగి మగవాళ్ళు ఇళ్ళకు చేరారు. కావలి మేం కాస్తాంలెమ్మన్నారు. మా అత్తయ్య ఇస్తేగా!

మేళం సంగతి చెప్పాలి. ఆ మొదటి చలికాలమే మార్గశిరంలో ఊళ్ళో ఒక పెళ్ళయింది. సన్నాయిలు, డోళ్ళు, ఆఖర్న ఔట్లు పేల్చారు. చెరువులో పిట్టలన్నీ ఒక్కసారిగా లేచిపోయాయి. అవి మళ్ళీ వాలేలోపు కాకులూ గద్దలూ గూళ్ళమీద పడ్డాయి. మేం కట్టమీదే ఉన్నాం, చూస్తూ నిలబడటం తప్ప ఏం చెయ్యలేకపోయాం. నీళ్ళలో పడ్డ పిల్లల్ని మా అత్తయ్య దిగి ఒడిలో ఏరుకొచ్చింది. ఒక్కటీ బతకలేదు. ఆ సాయంత్రమే ఊళ్ళో అందరికీ చెప్పేసింది: పిట్టలు పోయేదాకా మేళం లేదు, మందుగుండు లేదు, ఎవరింట్లో పెళ్ళైనా సరే. ఆ దెబ్బ మొదట తగిలింది మా ఎదురింటి పిన్నికి. ఆ మాఘంలోనే వాళ్ళమ్మాయి పెళ్ళి. పిన్ని నోట్లో నాలుక లేని మనిషి, కావలిలో మా జట్టే. మా అత్తయ్య కాళ్ళు పట్టుకుని ఏడ్చింది. అత్తయ్య కరగలేదు. మేళం లేకుండానే ఆ పిల్ల మెడలో తాళి పడింది. పిన్ని అప్పగింతలైన మర్నాడే కర్ర పట్టుకుని కట్టమీదికి వచ్చింది.

తర్వాతి చలికాలంలో నాకు నందిగామ సంబంధం వచ్చింది. ధాన్యం వ్యాపారం, బజార్లో పెద్ద కొట్టు. పెళ్ళిచూపుల్లో తలెత్తకూడదు గానీ నేను ఎత్తాను. నచ్చాడు. ఏం దాచుకోవాలిప్పుడు, బాగా నచ్చాడు. తాంబూలాలప్పుడు మామగారు కాబోయే ఆయన సర్దుకుని కూర్చుని, "మా అమ్మ మంచం పట్టింది. మనవడి పెళ్ళి చూసి పోతానంటోంది. మాఘం దాటనివ్వకండి. మేళం మాత్రం మేమే బందరు నుంచి తెచ్చుకుంటాం. మేళం లేని పెళ్ళి మా ఇంటా వంటా లేదు," అన్నారు. తలుపు చాటున నేను వేళ్ళమీద నెలలు లెక్కపెట్టుకున్నాను. మాఘమంటే గూళ్ళ నిండా పిల్లలుండే రోజులు. అత్తయ్య ఇప్పుడు కాదంటుంది, ఈయన లేచి వెళ్ళిపోతారు, నా గతి ఇంతే అనుకున్నాను. పెళ్ళి నందిగామలోనే చేద్దామని నాన్న గొణిగాడు. "ఆడపిల్ల పెళ్ళి మన వాకిట్లోనే," అని నాన్న నోరు మూయించి, అత్తయ్య తాంబూలం పళ్ళెం మామగారి వైపు జరిపింది. తర్వాత, "అట్టాగే కానీండి అన్నయ్యగారూ," అంది. ఆ సంగతి కావలిలో ఎవరికీ చెప్పలేదు. పెళ్ళిదాకా నన్ను ఒక్క తిట్టూ తిట్టలేదు. అది చూసే నాకు భయం వేసింది.

పెళ్ళి ముందురోజు మధ్యాహ్నం మగపెళ్ళివారి బళ్ళు వచ్చాయి. మా ఇల్లు ఊరి మొదట్లోనే, కిటికీలోంచి పొలిమేర స్తంభం కనపడుతుంది, అక్కడి మాట కూడా వినపడుతుంది. నలుగు పెట్టిన ఒంటితో నేను ఊచలు పట్టుకుని చూస్తున్నాను. గంటలు విప్పమంటే బండివాళ్ళు విప్పారు. అక్కడ వంతు ఎదురింటి పిన్నిది. ముందు బండిలో డోళ్ళూ సన్నాయిలూ చూసింది. చూసి, ఎద్దులకు అడ్డంగా వచ్చి నిలబడి, కర్రెత్తి తువ్వాలు ఊపింది. కట్టమీదున్న ఆడవాళ్ళందరూ దిగొచ్చి పిన్ని పక్కన నిలబడ్డారు. అప్పటికి అత్తయ్య పానకం బిందెతో ఎదుర్కోలుకు వెళ్తోంది. పిన్నికి దగ్గరగా వెళ్ళి, తల వంచుకుని, "పోనీండే, ఈ ఒక్కసారికీ," అంది.

పిన్ని కదల్లేదు. "కిందటేడు మా పిల్ల పెళ్ళికి నీ కాళ్ళు పట్టుకున్నా వదినా. అప్పుడేవన్నావ్? పిట్ట పిల్లలు మాత్రం పిల్లలు కావా అన్నావ్. నిజవేగా అనుకుని ఊరుకున్నా. ఇప్పుడు మీ పిల్ల దాకా వచ్చేసరికి కాకుండా పోయాయా?"

పిన్ని జన్మలో అంత పొడుగు మాట మాట్లాడలేదు. అత్తయ్య బిందె కింద పెట్టింది. మామగారి దగ్గరికి వెళ్ళి చేతులు జోడించింది. "అన్నయ్యగారూ, మీకిచ్చిన మాట తప్పుతున్నా. మేళం వద్దండీ. పిల్ల మీద ఆశకొద్దీ సరేనన్నా. నా మాట పట్టుకుని దాని నోట మట్టి కొట్టకండి." మామగారి మొహం ఎర్రబడింది. "చావింటికి వచ్చామా, మూగగా తాళి కట్టడానికి? బళ్ళు తిప్పండ్రా!" అన్నారు. బండివాళ్ళు పగ్గాలు అందుకున్నారు. నాకు అత్తయ్య మీద పట్టరాని కోపం, పిన్ని మీద అంతకంటే కోపం. కానీ పిన్ని అన్నది నిజమేనని నాకూ తెలుసు. దాంతో మరీ ఏడుపొచ్చింది.

అంతలో వెనకబండిలో, పరుపు మీద పడుకోబెట్టి తెచ్చిన పెళ్ళికొడుకు నాయనమ్మ లేచి కూర్చుని, "బండెందుకాగిందిరా?" అంది. ఆవిడకు పూర్తిగా చెవుడు. మామగారు వెళ్ళి చెవిలో, "మేళం వద్దంటున్నారమ్మా!" అని అరిచారు. "ఏవిటీ?" "మేళం! మేళం వద్దంట!" కావలి ఆడవాళ్ళంతా ఒక్కసారి మూతి మీద వేలేసుకుని ఆయన్ను "ష్" అన్నారు. ముసలావిడ ఆ వేళ్ళు చూసింది, డోళ్ళు చూసింది, చెరువు మీద తెల్లటి చెట్లు చూసింది. "ఓరి నీ ఇల్లు బంగారం గానూ! నాకు వినపడి ఎన్నేళ్ళయిందిరా? పెళ్ళి చూడ్డానికొచ్చా గానీ వినడానికొచ్చానా? కళ్ళున్నప్పుడే ఆ మూడు ముళ్ళూ పడనీ. పదండి ముందుకి!" చెవుడున్నవాళ్ళకు తమ గొంతు ఎంతుందో తెలియదు కదా, ఆ కేకకు నాలుగు కొంగలు లేచి, ఒక చుట్టు తిరిగి మళ్ళీ వాలాయి. తల్లి మాట దాటే మనిషి కాదు మా మామగారు. గొణుక్కుంటూనే డోళ్ళ మీద దుప్పటి కప్పించారు. తను అప్పటికే బండి దిగబోతున్నానని మా ఆయన జీవితాంతం చెప్పుకున్నారు. దిగబోవడమే గానీ దిగడం నేను చూడలేదు.

మర్నాడు పొద్దున ముహూర్తం. అలవాటు కొద్దీ పురోహితుడు చెయ్యెత్తి, గట్టిమేళం అనబోయి, నాలిక్కరుచుకుని చెయ్యి దించేశాడు. పందిట్లో అందరూ అక్షింతలు గుప్పిట్లో పట్టుకుని లేచి నిలబడ్డారు. మా ఆయన వేళ్ళు నా మెడ వెనక ముడి వెతుక్కుంటున్నాయి. అప్పుడు వినపడింది, నా వెనకనుంచి. కొంగు నోట్లో కుక్కుకున్నా ఆగని ఏడుపు. మా అత్తయ్యది. పుట్టి బుద్ధెరిగాక ఆవిడ ఏడవగా నేను చూడలేదు. మేళం మోగుతుంటే దాని చాటున ఏడవొచ్చనుకుందేమో పిచ్చిది. చాటు లేకుండా పోయింది, పందిరంతా విన్నది. పిన్ని గబగబా వెళ్ళి ఆవిడ తల తన భుజానికి ఆనించుకుంది. నేను తాళితో సహా వెనక్కి తిరిగి చూస్తుంటే, "ఇటు తిరగవే మొద్దుమొహమా," అని అంత ఏడుపులోనూ తిట్టింది.

ఆ తర్వాత ఎన్నో పెళ్ళిళ్ళకు వెళ్ళాను. ఎంతెంతో గొప్ప మేళాలు విన్నాను. తాళి కట్టే వేళకు డోళ్ళు హోరెత్తగానే అందరూ అక్షింతలు వేస్తుంటారు, నేను మాత్రం పెళ్ళికూతురి వెనక నిలబడ్డవాళ్ళ మొహాలు చూస్తుంటాను. అత్తయ్య పోయి చాలా కాలమైంది. ఆ గొంతు నన్ను తిట్టిన తిట్లు ఒక్కొక్కటే మరపున పడిపోతున్నాయి, ఆ ఏడుపు మాత్రం ఏళ్ళు గడిచేకొద్దీ ఇంకా దగ్గరగా వినపడుతోంది.